'ఇంకొక్క లాగ్' గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ 'ఇంకొక్క లాగ్' గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ నా బండీ క్షేమం. తమరికి చావు లేదని ఈ తొమ్మిది వారాల్లో తెలిసింది కనుక తమ క్షేమం అడగను.

తమను పరిచయం చేసినవారు మా ట్యూనర్ గారు; బండి పరుగులోని లెక్కలను లాప్‌టాప్‌లో రాసిన లాగ్ చూసి, ఇంజిన్‌కు ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పు అని చెప్పే మ్యాప్ దిద్దే మనిషి. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే సూపర్‌చార్జర్‌కు ఉన్న 75 మిల్లీమీటర్ల పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) తీయించి 68ది వేయించిన రోజు, "బేస్ మ్యాప్ పంపుతున్నాను. ఒక్క లాగ్ తీసి పంపండి, సాయంత్రానికి ముగిద్దాం" అన్నారు. ఏ సాయంత్రమో అడగకపోవడం నా తప్పే. ఇప్పటికి పదమూడు లాగ్‌లు, పదకొండు మ్యాప్‌లు.

పుల్లీ ఏడు మిల్లీమీటర్లు తగ్గితే సూపర్‌చార్జర్ పది శాతం వేగంగా తిరుగుతుంది. ఎక్కువ గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి కాబట్టి పెద్ద ఇంజెక్టర్లు వచ్చాయి. వేడి పెరిగింది కాబట్టి చల్లరకం స్పార్క్ ప్లగ్గులు వచ్చాయి. గాలి గొట్టం వెడల్పయింది కాబట్టి గాలిని కొలిచే సెన్సార్ చెప్పే లెక్కలన్నీ అబద్ధాలయ్యాయి. కౌపీన సంరక్షణార్థం ఆవును కొన్న సన్యాసిని చూసి చిన్నప్పుడు నవ్వినవాణ్ని. ఆయన నయం, ఆవు పాలైనా ఇచ్చింది.

చిన్నాచితకా అవమానాలను లెక్కలోకి తీసుకోను. బంకులో 95 ఆక్టేన్ అయిపోయిందని 91 పోయించుకుంటే, ఇంజిన్ లోపలి టకటకలను పట్టే నాక్ సెన్సార్ బెదిరి, ప్లగ్గు నిప్పు వేసే టైమింగ్‌ను ఆరు డిగ్రీలు వెనక్కి లాగింది, ఏడో లాగ్ చెల్లదన్నారు. బూస్ట్ (సూపర్‌చార్జర్ నెట్టే గాలి ఒత్తిడి) అర పౌండు తక్కువెందుకని నిలదీశారు. అయ్యా, మాది సముద్రపు ఒడ్డు కాదు, 540 మీటర్ల ఎత్తున ఉన్న దక్కను పీఠభూమి, ఇక్కడ గాలే పలచన అని రాసుకున్నాను. అవన్నీ పోనివ్వండి. నా బాధ మొన్నటి ఆదివారం గురించి.

తమరికి కావలసింది 2500 నుంచి 6000 ఆర్‌పీఎం వరకు పాదం ఎత్తకుండా ఒక్క పరుగు. మూడో గేరులో అయితే ఆ చివర నా బండి 150 చూపిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతి 120. బతిమాలితే రెండో గేరుకు ఒప్పుకున్నారు. 'ఇంజిన్‌లోకి పోయే గాలి చల్లగా ఉండాలి సుమా' అన్నది షరతు. మే నెలలో, హైదరాబాదులో!

మలక్‌పేటలో మధ్యాహ్నం రెండింటికి బయలుదేరాం, ఒళ్లో లాప్‌టాప్‌తో మా బావమరిది, చక్రం దగ్గర నేను. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దాటేసరికి ఇంజిన్‌లోకి పోయే గాలి 58 డిగ్రీలు. హయత్‌నగర్ చేరేసరికి 71. పెద్ద అంబర్‌పేట దగ్గర సర్వీసు రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మీద అట్టముక్కతో విసురుతూ నలభై నిమిషాలు నిలబడ్డాం. స్కూటర్ మీద వెళుతున్న ఒక పెద్దాయన ఆగి, డిక్కీలోంచి నీళ్ల సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"బండి ఆగిపోయిందా బాబూ?"

"లేదండీ, ఆరబెడుతున్నాం."

ఆయన కాసేపు మా ఇద్దరి మొహాలూ చూసి, సీసా మాకే వదిలేసి వెళ్లిపోయాడు.

చివరికి ఔటర్ ఎక్కాం. ముందు ఖాళీ, వెనక ఖాళీ. 2500 దగ్గర పాదం అదిమాను. మా వీధి పిండిమర బెల్టు అందుకున్నప్పుడు వచ్చే కూత లాంటిది ముందు సన్నగా మొదలై, వెన్నులోకి పాకింది. గాలి-పెట్రోలు నిష్పత్తి ముల్లు 11.8 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. నాలుగు వేలు, అయిదు వేలు, ఆరు వేలు. ఒక్క వణుకు లేదు. తొమ్మిది వారాల్లో అంత శుభ్రమైన పరుగు ఎన్నడూ లేదు. పాదం తీసి, నవ్వుతూ పక్కకు తిరిగాను.

"బావా, రికార్డు ఇప్పుడు నొక్కనా?" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు ట్యూనర్ గారికి రాస్తే, సానుభూతి లేదు, కోపం లేదు, వచ్చినది నువ్వే. అవును, ఇక 'తమరు' లేదు. 'పర్వాలేదండీ, ఇంకొక్క లాగ్.' ఒక్కటి అంటే ఎన్ని? నిన్ను కనిపెట్టినవాడు వైశాఖంలో హయత్‌నగర్ మీదుగా బండి తోలాడా? పదమూడు ఆదివారాలో శనివారాలో తిన్నావు. ఒక పెళ్లికి పోనివ్వలేదు, ఒక తద్దినానికి ఆలస్యం చేయించావు. నీ ముఖం చూడకుండా పాత పుల్లీ బిగించుకుని, నూట ఎనభై గుర్రాలతో హాయిగా ఉందామనిపించింది. పాత పుల్లీ అటక మీదే ఉంది. దింపాను కూడా.

దాన్ని చేతిలో పట్టుకుని కూర్చుంటే నాలుగో లాగ్ గుర్తొచ్చింది, నీ ఖర్మ. అందులో 5200 దాటగానే నిష్పత్తి 11.8 నుంచి 13.4కు ఎగబాకింది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందలేదు. పాత పెట్రోలు పంపు అంత దాహానికి తూగలేక చేతులెత్తేసింది. నడుపుతున్న నాకేమీ తెలియలేదు, పైగా బండి మరింత చురుగ్గా ఉందని మురిసిపోయాను. రాత్రి పదకొండింటికి ట్యూనర్ గారి ఫోన్: "రేపు పాల పాకెట్‌కు కూడా ఆ బండి తీయకండి." ఇంకో నాలుగు పరుగులు అలాగే తీసి ఉంటే పిస్టన్‌కు చిల్లు పడేది. పంపు మార్పించాను.

పుల్లీ మళ్లీ అటకెక్కింది. ఇంతకు మించి మర్యాద నా నుంచి ఆశించకు.

ఈసారి తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరతాను. ట్యాంకు నిండా 95 పోయించాను.

ఇట్లు,
పద్నాలుగో లాగ్ బాకీదారు

తా.క.: బావమరిది ఫోన్ చేశాడు, తనూ వస్తాడట. ఈసారి ఇంటి గేటు దగ్గరే బొత్తం నొక్కేస్తానన్నాడు.