ఫ్యాను ఇస్తారు, ఆయమ్మ జీతం ఎవరిస్తారు?

మన ఊళ్లలో ఏ బడికో, గుడికో, కల్యాణ మండపానికో వెళ్లి తలెత్తి చూస్తే దాతలు కనిపిస్తారు. ఫ్యాను మూడు రెక్కల మీదా పేరు, తండ్రి పేరు, ఊరు రాసి ఉంటాయి. ఫ్యాను ఆగితేనే పేరు చదవగలం కాబట్టి కరెంటు పోయినప్పుడల్లా ఆ దాతను తలుచుకుంటాం. మన దానం ఎటు పోతుందో ఆ రెక్కల్ని చూస్తే తెలుస్తుంది. గోడకి, గేటుకి, వాటర్ ప్లాంటుకి పోతుంది. ఒక మనిషికి నెలనెలా జీతం ఇవ్వడానికి మాత్రం చేతులు రావు.

పిల్లల్ని, ముసలివాళ్లని, మంచం పట్టినవాళ్లని చూసుకునే పని దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటే పెద్ద అడ్డం. ఆ పనిలో ఖర్చంతా మనిషిదే. ఒకామె తన రోజులోంచి తీసి ఇచ్చే గంటలవి.

ఆ గంటల లెక్క ప్రభుత్వం దగ్గరే ఉంది. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. మగవాళ్లది 88 నిమిషాలు. ఇంట్లోవాళ్లని చూసుకునే పని దీనికి అదనం. 15-59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఆ పని చేస్తున్నారు, రోజుకు 140 నిమిషాలు. మగవాళ్లలో చేసేది 21.4 శాతం, వాళ్లు పెట్టేది 74 నిమిషాలు. రోజుకు ఇన్ని గంటలు ఇంట్లోనే కరిగిపోతే, ఆమె కూలికెప్పుడు వెళ్తుంది, కుట్టుపని ఎప్పుడు నేర్చుకుంటుంది? ఆడవాళ్ల ఉపాధి కోసం కుట్టుమిషన్లు పంచేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి. మూలన దుమ్ము పట్టిన కుట్టుమిషన్లు ఉన్న ఇళ్లు నాకు చాలానే తెలుసు.

పెద్దాసుపత్రుల్లో ఒక కేక రోజంతా వినిపిస్తుంది: "పేషెంట్ తాలూకా ఎవరు?" వరండాలో చాప మీద కూర్చున్న భార్యో, కూతురో, కోడలో ఉలిక్కిపడి లేస్తుంది. రిపోర్టులు తేవాలి, రక్తం తేవాలి, బెడ్‌పాన్ పెట్టాలి. నర్సులు తక్కువైన చోట వార్డు నడిచేది ఈ తాలూకా మనిషి మీదే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరించింది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్య ఆసరా ఇంకో అడుగు వేసి, కోలుకునే రోజులకు రోగికి రోజుకు రూ.225, నెలకు గరిష్ఠంగా రూ.5,000 లెక్కన ఇచ్చింది. అది మంచి ఆలోచనే. కానీ పక్కన కూర్చున్న మనిషి పోగొట్టుకున్న కూలి ఆ లెక్కలోకి రాలేదు.

ఇంతకన్నా ముందే, అదీ ఒక పల్లెటూరి పథకంలో, మన చట్టం ఈ విషయంలో తెలివిగా ఆలోచించింది. పనిచోటుకి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో వస్తే, వాళ్లని చూసుకోవడానికి కూలీల్లోంచే ఒక స్త్రీని పెట్టి, ఆమెకూ కూలి కట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం రాసింది. గడ్డపార పట్టినామె ఎంత పని చేసిందో, పిల్లల్ని చూసుకున్నామె కూడా అంతే చేసినట్టు. ఇంత సూటిగా ఈ మాట చెప్పిన చట్టాలు తక్కువ. అమలు ఎలా జరిగిందో పనికి వెళ్లినవాళ్లని అడిగితే చెబుతారు.

సంరక్షణ పనికి మన వ్యవస్థ ఇచ్చే విలువ ఎంతో తెలియాలంటే ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ సమ్మెను గుర్తు చేసుకోవాలి. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు టీచర్లు, ఆయాలు రోడ్డెక్కారు. అప్పటికి టీచరుకి నెలకు రూ.11,500, ఆయాకి రూ.7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. సమ్మె సాగుతుండగానే ప్రభుత్వం, అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది, ఇవి అత్యవసర సేవలని. డబ్బిచ్చేటప్పుడు గౌరవం, పని ఆపినప్పుడు అత్యవసరం! వాళ్లకి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, ఈ కేంద్రాలు మొదలైన 1975 నుంచి లెక్కేస్తే 47 ఏళ్లకి.

సర్కారే ఇలా ఉంటే దాతలు ఏం చేయగలరన్నది న్యాయమైన ప్రశ్నే. చేయగలిగింది ఉంది, చేసినవాళ్లూ ఉన్నారు. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి పనులు జరుగుతున్నప్పుడు, కూలీల పిల్లలు దుమ్ములో పొర్లాడుతుండడం చూసి మీరా మహదేవన్ అక్కడే ఒక గుడారంలో క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, పెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ అనే సంస్థ. యాభైమందికి మించి ఆడకూలీలున్న నిర్మాణ స్థలంలో పిల్లల గది ఉండాలని చట్టం వచ్చింది 1996లో. అంటే గుడారం ముందు, చట్టం తర్వాత. కేరళలో కోళికోడ్ మెడికల్ కాలేజీ ఆవరణలో 1993లో మొదలైన పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) సొసైటీ దారీ అలాంటిదే. ఆ పని మలప్పురం లాంటి జిల్లాల్లో ఊరివాళ్ల చిన్న చిన్న చందాలతో, వాలంటీర్లతో ఇంటింటికీ వెళ్లింది. నర్సు ఇంటికొచ్చి పుండ్లు కడిగి, ఎలా కడగాలో ఇంట్లోవాళ్లకి నేర్పుతుంది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని తన విధానంగా తీసుకుంది.

ఇలాంటి పనికి డబ్బు ఇవ్వాలంటే మన నిబంధనలు కూడా కాస్త అడ్డుపడతాయి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2022-23లో ఆ మొత్తం దాదాపు రూ.30 వేల కోట్లు. వృద్ధుల డే కేర్ కేంద్రాలు చట్టం జాబితాలోనే ఉన్నాయి, కాబట్టి దారి మూసుకుపోలేదు. పరిపాలనా ఖర్చు 5 శాతం దాటకూడదన్న నియమం కంపెనీ సొంత ఖర్చుకి సంబంధించినది. దాన్నే ఆ డబ్బు అందుకునే స్వచ్ఛంద సంస్థల మీద కూడా రుద్దితే మొదట తెగేది జీతాలే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ఇంకా గట్టిది: పరిపాలనా ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడం పూర్తిగా ఆగిపోయింది. ఢిల్లీలోని పెద్ద సంస్థ ద్వారా ఏ మండల కేంద్రంలోని చిన్న మహిళా సంఘానికో విదేశీ గ్రాంటు చేరే దారి అలా పోయింది.

అమెరికాలో ఈ పదేళ్లలో దాతల ఆలోచన కొంత మారింది. 2021లో కొన్ని ఫౌండేషన్లు కలిసి కేర్ ఫండ్ పేరుతో 5 కోట్ల డాలర్లు కేటాయించాయి. ఆ డబ్బు ఉద్దేశం పిల్లల్ని, పెద్దల్ని చూసుకునేవాళ్ల జీతాలు, హక్కులు, విధానాల కోసం పోరాడే సంఘాలు నిలబడటం. కోవిడ్ కాలంలో అక్కడి నేషనల్ డొమెస్టిక్ వర్కర్స్ అలయన్స్, పని పోయిన ఇంటిపనివాళ్లకి 400 డాలర్ల చొప్పున నేరుగా చేతికిచ్చింది. అదే దేశంలో మన తెలుగు ఇళ్ల సంగతి వేరు. బిడ్డ పుట్టగానే డే కేర్ ఖర్చు చూసి టెన్షన్ పడి, విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండేలా అమ్మని పిలిపించుకుంటారు. ఆ గడువు అయిపోతే అత్తగారు. ఇందులో ప్రేమ లేదని కాదు. కానీ అరవై దాటిన ఆ మనుషుల మోకాళ్ల మీద నడుస్తున్న ఇంటివాళ్లే సొంతూళ్లో స్వాగత ద్వారాలు కట్టించే దాతలు కూడా.

మనవాళ్లకి ఈ పని విలువ తెలియక కాదు. 'సేవ' అన్న మాట దగ్గరే తిరకాసు. సేవ అనగానే దానికి ధర కట్టడం పాపమనిపిస్తుంది. మా పెద్దమ్మ తొమ్మిదేళ్లు మంచంలో ఉన్న అత్తగారిని చూసింది. దినం రోజున అందరూ ఆమెని దేవత అన్నారు. ఆ తొమ్మిదేళ్లలో ఆమె నడుముకి ఏమైందో ఒక్కరూ అడగలేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లి పరాయి పిల్లల్ని పెంచే ఆడవాళ్లకి అక్కడ అదే పని జీతం ఇస్తుంది. వాళ్ల సొంత పిల్లల్ని ఇక్కడ పెంచే అమ్మమ్మకి ఏమీ రాదు.

కాబట్టి దాతలతో మాట్లాడేవాళ్లు ఒక లెక్క వేసి చూపించాలి. ఊళ్లో పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా నడిచే ఒక పిల్లల కేంద్రం. అందులో ఇద్దరు ఆయమ్మలు, షిఫ్టు పద్ధతిలో. ఒక్కొక్కరికి నెలకు రూ.15,000. ఏడాదికి 3 లక్షల 60 వేలు, ఐదేళ్లకి 18 లక్షలు. గది కొత్తది అక్కర్లేదు, మూతపడ్డ బడి గదులు ఊళ్లలో ఉన్నాయి. ఫ్యాన్లు కూడా ఉంటాయి వాటిలో, రెక్కల మీద పేర్లతో.