బంగారం ధర నన్ను అడగకండి

హైదరాబాద్‌లో అంతర్జాతీయ వాణిజ్యం పాఠాలు చెబుతుంటాను. పెళ్లిళ్లలో కనిపించిన ప్రతి పెద్దాయనా "ఎకనామిక్స్ ప్రొఫెసర్‌వి కదా, బంగారం ఎప్పుడు తగ్గుతుందో చెప్పు" అంటారు. తెలియదంటే జాలిగా చూస్తారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కోపమల్లా మా పనికి మార్కులు వేసే పద్ధతి మీదే.

ఒక ఉదాహరణ చెబుతాను. 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఉప్పుడు బియ్యాన్ని మాత్రం ఆపలేదు, ఆగస్టులో 20 శాతం సుంకం వేసింది. ఏ సరుకు ఏదో గుర్తించడానికి దాదాపు ప్రపంచ దేశాలన్నీ వాడే ఆరంకెల కోడ్‌లో మాత్రం మిల్లాడిన బియ్యమంతా ఒకటే: 100630. పచ్చి బియ్యమేదో, ఉప్పుడు బియ్యమేదో, బాస్మతి ఏదో అందులో తెలియదు. తెలియాలంటే మన దేశపు ఎనిమిదంకెల లెక్కలు తిరగేయాలి. ఏ మిల్లు ఎందుకు ఉప్పుడు బియ్యానికి మళ్లిందో తెలియాలంటే మిర్యాలగూడ వెళ్లి మిల్లర్లతో కూర్చోవాలి.

ఆ పని మీద ఏడాది గడిపిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు దక్కేది మహా అయితే ఒక్క పరిశోధన పేపరు. పక్క గదిలోని వాడు ఆరంకెల లెక్కలు దించుకుని, దేశాల ఆర్థిక పరిమాణాన్ని, వాటి మధ్య దూరాన్ని బట్టి వాణిజ్యాన్ని అంచనా వేసే గ్రావిటీ సమీకరణంలో పోసి, దేశాల పేర్లు మార్చి మార్చి మూడు పేపర్లు అచ్చు వేయిస్తాడు. పదోన్నతి ఎవరికో వేరే చెప్పాలా? పాపం, 1962లో వాణిజ్యానికి ఆ సమీకరణం వాడిన డచ్ ఆర్థికవేత్త టిన్‌బర్గెన్‌ది ఇందులో ఏ తప్పూ లేదు.

మొదటి నుంచీ ఇలాగే ఉందనుకోకండి. మన్మోహన్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో భారత ఎగుమతుల మీదే డాక్టరేట్ చేశారు, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అంతర్జాతీయ వాణిజ్యం ప్రొఫెసర్‌గా పనిచేశారు, 1971లో వాణిజ్య శాఖకు ఆర్థిక సలహాదారుగా వెళ్లారు. 1963లో వాణిజ్య ఆర్థికవేత్త జగదీశ్ భగవతితో కలిసి ఒక గొప్ప పేపరు రాసిన వి.కె. రామస్వామి ప్రభుత్వ ఆర్థికవేత్త. లోపం దేశీయ మార్కెట్లో ఉంటే దాన్ని అక్కడే సబ్సిడీతోనో పన్నుతోనో సరిచేయాలి, సరిహద్దులో సుంకం వేయడం దానికి సరైన మందు కాదు అన్నారు వాళ్లిద్దరూ. సుంకాల మాట వచ్చినప్పుడల్లా టీవీల్లో అరిచేవారికి ఆ ఒక్క పేపరు చదివి వినిపించాలనిపిస్తుంది.

ఇక అధ్యాపక అర్హత పరీక్ష నెట్ పాసై, డాక్టరేట్ ముగించి, గంటల లెక్కన జీతం తీసుకుంటూ గెస్ట్ ఫ్యాకల్టీగా తిరిగే పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. వేసవి సెలవుల్లో ఆ జీతమూ ఉండదు. వాళ్లను మిల్లులకు వెళ్లమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అందుకే పదోన్నతి కమిటీల్లో కూర్చునే పెద్దలకు నాదొక్కటే విన్నపం. ఎన్ని పేపర్లు, ఏ జర్నల్ అని అడిగే ముందు, "నువ్వు ఏ సరుకు గురించి రాశావో దాన్ని ఎగుమతి చేసేవాడితో ఒక్కసారైనా మాట్లాడావా?" అని అడగండి. ఆ జవాబుకూ మార్కులు వేయండి.