గడ్డిమందు గారికి గుణుపురం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ గడ్డిమందు గారికి,

మీ ప్రాభవం గుణుపురం నుంచి బిస్సం కటక్ దాకా పత్తి చేలన్నిటికీ పాకిన ఈ శుభసమయంలో ఒడిశాలోని రాయగడ జిల్లా తెలుగువాళ్ళ తరఫున నమస్కారాలు. ఇక్కడ ఒడియావాళ్ళున్నారు, సవరలున్నారు, కోందులున్నారు, మేమూ ఉన్నాం. మాట కలవని చోట్లు మా మధ్య చాలా ఉన్నాయి. మిమ్మల్ని వీపున మోసుకు తిరగడంలో మాత్రం అందరిదీ ఒకటే దారి.

ముందు మీ ఘనత చెప్పుకోవాలి. ఆడవాళ్ళు వరుస కట్టి, నడుము వంచి రోజంతా తీసే కలుపును మీరు ఒక్క పూటలో దారికి తెస్తారు. వారం తిరిగేసరికి చేను పసుపు పూసుకుంటుంది. కూలి మిగులుతుంది. ఆ మిగిలిన కూలి ఎవరి ఇంట్లో తగ్గిందని అడగడం మర్యాద కాదు కాబట్టి అడగను. కలుపుతో పాటు పొన్నగంటికూర పోయింది, చెంచలికూర పోయింది. కలుపుకు వెళ్ళినవాళ్ళు సాయంత్రం కొంగున కూర కట్టుకుని రావడం పోయింది. ఇప్పుడు ఆ కూర సంతలో డబ్బు పెట్టి కొంటున్నారు. దీన్ని అభివృద్ధి అనకపోతే మరేమంటారు?

మీ రాచరికానికి చట్టం కూడా అడ్డురాలేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మీ మీద ఒక ఉత్తర్వు వేసింది. గ్లైఫోసేట్ అనే మీ అసలు పేరు పెట్టి, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ చల్లకూడదని చెప్పింది. అలాంటి ఆపరేటరు మా పొలాల వైపు వచ్చినట్లు ఎవరూ చూడలేదు. వచ్చే ఉంటాడు, మాయారూపంలో. ఇక మీరు మీద పడినా చావని పత్తి ఉందే, దాన్ని సాగు చేయడానికి మన దేశంలో అనుమతే లేదు. అయినా బిల్లు లేని ప్యాకెట్లలో, బీజీ-3 అన్న ముద్దుపేరుతో, అది వానకు ముందే ఊళ్ళోకి వస్తుంది. రుతుపవనాలు ఆలస్యమైన ఏడాది కూడా అది ఆలస్యం కాదు.

మీ విదేశీ విజయాల గురించి ఇక్కడ చాలామందికి తెలియదు. మీరు చెప్పుకోరు, అది మీ వినయం. నేను చెబుతాను.

1970లో మోన్‌శాంటో అనే అమెరికా కంపెనీ ప్రయోగశాలలో మీ గుణం బయటపడింది. 1974లో అంగడికి వచ్చారు. 1996లో అమెరికాలో మిమ్మల్ని తట్టుకునే సోయా వచ్చింది, తరవాత మొక్కజొన్న వచ్చింది. అప్పటినుంచి పైరు మీద పడినా భయం లేదు కనుక మీకు పగ్గాలు లేకుండా పోయాయి. ఆ చేలల్లో, చేల అంచుల్లో మిల్క్‌వీడ్ అనే పాలు కారే కలుపు మొక్క ఒకటి పెరిగేది. మోనార్క్ అనే నారింజరంగు సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ఆ జాతి మొక్కల మీదే, దాని గొంగళిపురుగు తినేదీ వాటి ఆకే. మరో ఆకు ముట్టదు, పస్తుండి చస్తుంది. 1999 నుంచి 2010 లోపు అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఆ మొక్కలు 58 శాతం తగ్గాయని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. పోయినవన్నీ దాదాపు పంట చేలల్లోవే.

ఈ మోనార్క్ సామాన్యమైన పురుగు కాదు. కెనడా దగ్గర పుట్టింది, ఎన్నడూ చూడని మెక్సికో కొండల్లోకి 4,000 కిలోమీటర్లు ఎగిరి, అక్కడి చెట్లకు గుత్తులు గుత్తులుగా వేలాడి చలికాలం గడుపుతుంది. తలలు లెక్కపెట్టడం సాధ్యం కాదు కాబట్టి అవి ఆక్రమించిన అడవిని కొలుస్తారు. 1996-97 చలికాలంలో 18 హెక్టార్లకు పైగా ఉన్న ఆ విస్తీర్ణం 2013-14లో 0.67 హెక్టారుకు పడిపోయింది. 2024-25లో కాస్త తేరుకుని 1.79కి వచ్చింది. కీర్తి మొత్తం మీరే తీసుకుంటే అన్యాయం. అక్కడ అడవులు నరికినవాళ్ళున్నారు, కరువులున్నాయి, వేడెక్కిన వాతావరణం ఉంది. అయినా ఆ జట్టులో మీ పేరు లేకుండా ఎవరూ జాబితా రాయడం లేదు.

మీకు కొంచెం కష్టం కలిగించే వార్త కూడా చెప్పాలి. అక్కడి జనం మీరు చంపిన కలుపును విత్తనం కొని మరీ నాటుతున్నారు. ఇంటి ముందు, బడి వెనక, రోడ్ల పక్కన. గడ్డి కోసే తేదీలను సీతాకోకచిలుకల కోసం మార్చుకుంటున్నారు. నగరాల మేయర్లు మోనార్క్‌లను కాపాడతామని సంతకాలు పెడుతున్నారు. మా దగ్గర పదవిలో ఉన్న పెద్దమనిషి గొంగళిపురుగు కోసం సంతకం పెట్టడాన్ని ఊహించుకుని నేను కాసేపు నవ్వుకున్నాను. తరవాత నవ్వు రాలేదు. వాళ్ళూ తప్పటడుగు వేశారనుకోండి. అందంగా ఉందని వేరే దేశపు మిల్క్‌వీడ్ తెచ్చి పెంచారు. చలి తక్కువ ఉండే దక్షిణ రాష్ట్రాల్లో అది చలికాలంలోనూ ఎండిపోక, ఆకుల మీద ఒక పరాన్నజీవి పేరుకుని, పిల్లపురుగులకు జబ్బు పట్టుకుంది. అందుకే ఇప్పుడు ఏ ప్రాంతపు మొక్కను ఆ ప్రాంతంలోనే నాటమని చెబుతున్నారు.

మోనార్క్ మా ఊరు రాదు. కానీ దాని దాయాది మా గట్టు మీదే ఉంటుంది. నారింజ రెక్కలు, నల్లంచు, చివర తెల్లచుక్కలు. ఇంగ్లీషువాళ్ళు ప్లెయిన్ టైగర్ అన్నారు. అది గుడ్డు పెట్టేది ఎక్కడనుకున్నారు? జిల్లేడు మీద. మిల్క్‌వీడ్‌కు వరసైన మొక్కే అది కూడా. తెలుపు, నలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు ఆకు ఈనెను ముందే కొరికి పాలు కారిపోనిచ్చి, తరవాత తీరిగ్గా తింటుంది. ఆ విషం ఒంట్లో దాచుకుంటుంది. దాన్ని ఒకసారి తిన్న పిట్ట వాంతి చేసుకుని మళ్ళీ ఆ జోలికి పోదు. జిల్లేడు పువ్వుకు పరాగం మోసేది మాత్రం సీతాకోకచిలుక కాదు, దూలాలకు చిల్లులు పెడుతుందని మా తాతలు తిట్టిన ఆ నల్లటి పెద్ద తుమ్మెద.

రథసప్తమి నాడు మాకు జిల్లేడు ఆకులు కావాలి. ఏడు ఆకులు, రేగుపళ్ళు తల మీద పెట్టుకుని స్నానం చేస్తాం. వీలైనవాళ్ళు అరసవల్లి వెళతారు. నిరుడు మా వీధిలో ఆకుల కోసం తెల్లవారకముందే వెతుకులాట మొదలైంది. గట్టు శుభ్రంగా ఉంది, చెరువు ఒడ్డు శుభ్రంగా ఉంది, శ్మశానం దారి కూడా శుభ్రంగానే ఉంది. చివరికి ఎవరో బజారులో పొట్లం కట్టి అమ్ముతుంటే కొన్నారు. సూర్యభగవానుడికి బిల్లు చూపించారో లేదో తెలియదు.

నా అసలు గొడవ ఇక్కడే. వానాకాలంలో కూలీలు దొరకని రైతు కష్టం నాకు తెలుసు. చేలో మీరు తిరగడం మీద నాకున్న అభ్యంతరాలు వేరు, వాటి కోసం ఇంకో ఉత్తరం రాస్తాను. గట్టు మీద మీకేం పని? గట్టున పత్తి లేదు, వరి లేదు. డబ్బాలో మిగిలిన మందు పారబోయడం ఎందుకని గట్టున చల్లేవాళ్ళే ఎక్కువ. పంద్రాగస్టు వస్తోందంటే బడి ప్రహరీ వెంట చల్లేవాళ్ళు ఇంకొందరు. జెండా ఎగిరేసరికి చుట్టూ ఒక్క పోచ ఉండకూడదు. పిల్లలు వరుసగా నిలబడి ఎండిన గడ్డికి వందనం చేస్తారు. ఆ గోడ పక్కనే గిలిగిచ్చ మొక్కలుండేవి. ఎండుకాయలు గలగలలాడిస్తూ పిల్లలు ఆడుకునేవారు. ప్లెయిన్ టైగర్ లాంటి మగ సీతాకోకచిలుకలు ఆ మొక్కల్లోని చేదు పదార్థాన్ని పీల్చుకుని ఆడవాటిని ఆకర్షించే పరిమళంగా మార్చుకుంటాయి. మా కుర్రవాళ్ళు సెంటు సీసాలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే చౌక.

మీరు తేనెటీగను నేరుగా చంపరని మీ తరఫువాళ్ళు అంటారు. నిజమే, చంపేది ఎక్కువగా మీ తమ్ముడు పురుగుమందు. మీరు దాని అన్నం తీసేస్తారు, తమ్ముడు వచ్చి మిగతా పని చూసుకుంటాడు. 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు మరో సంగతి కనిపెట్టారు. తేనెటీగ పొట్టలో దానికి మేలు చేసే సూక్ష్మజీవులను మీరు చెదరగొడతారట. ఇంత చిన్న పొట్టను కూడా వదలని మీ శ్రద్ధకు జోహార్లు.

ఫలితం మా పక్కింటి పెద్దమ్మను అడగండి. గుమ్మడి తీగకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ వచ్చి వాలితే తప్ప పిందె నిలవదు. ఈ మధ్య పెద్దమ్మ పొద్దున్నే మగపువ్వు కోసి, రేకలు తీసేసి, ఆడపువ్వుకు తనే రాస్తోంది. ‘ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలకు సంబంధాలు చూసి చేశాను, ఇప్పుడు గుమ్మడికాయలకు కూడా చేయాలా’ అని మీ పేరు పెట్టి తిడుతోంది. ఆమె తిట్లు ఇక్కడ రాయలేను. గుమ్మడి సరే, పెరట్లో నాలుగు పాదులు. కొండ మీద వలిసెలు అనే నూనెగింజల పంట వేసినవాళ్ళు ఏం చేయాలి? వలిసె పువ్వుకు దాని సొంత పరాగం పనికిరాదు. పక్క మొక్కది తేనెటీగే తెచ్చి పెట్టాలి. ఎకరం పసుపు పూలకు ఎంతమంది పెద్దమ్మలు కావాలి?

అందుచేత తమరు పెద్దమనసుతో గట్టు వరకు మాకు వదిలేయవలసిందిగా ప్రార్థన. గట్టు, చెరువు ఒడ్డు, కాలువ అంచు, బడి ప్రహరీ, శ్మశానం పక్క ఖాళీ, గుడి వెనక పోరంబోకు. ఎవరికీ పంట పండని నేల ఇది, దీనికి డబ్బు ఖర్చు పెట్టడం కూడా దండగే. అక్కడ జిల్లేడు దానంతటదే వస్తుంది, ఎవరూ నాటక్కర్లేదు. గడ్డి మరీ పెరిగితే కొడవలితో కోసుకుంటాం, అదీ పూలు రాలాక, ఒక పక్క కోసి ఒక పక్క ఉంచి. మేకలకు మేత అవుతుంది. కాస్త మట్టి నేలను సిమెంటు వేయకుండా వదిలితే నేలలో గూడు కట్టే ఈగలకు ఇల్లు దొరుకుతుంది. మీ తమ్ముడికి కూడా ఒక మాట చెప్పండి. తప్పనిసరిగా రావలసి వస్తే పూలు విప్పి ఉన్న పొద్దుటిపూట వద్దు, తేనెటీగలు గూటికి చేరిన సాయంత్రం రమ్మనండి. ఈ సంగతులు పంచాయతీలో ఒక తీర్మానం రాస్తే చాలు, పథకం పేరు, బ్యానరు, ప్రారంభోత్సవం ఏమీ అవసరం లేదు. బహుశా అందుకే ఎవరూ రాయడం లేదు.

ఇట్లు,
మీ డబ్బా వీపున మోసిన చేతులతోనే ఈ ఉత్తరం రాస్తున్న
గుణుపురం రైతు

తా.క.: మీ డబ్బాతో వచ్చే కాగితం మీద అక్షరాలు చీమ తల కన్నా చిన్నవి. సవరలో రాసినది నేనింకా చూడలేదు. మిమ్మల్ని మా చేలల్లో ఎక్కువగా చల్లుతున్నది సవర కుర్రవాళ్ళే, చేతులకు తొడుగులు లేకుండా. గట్టు సంగతి ఒప్పుకోవడానికి సమయం కావాలంటే తీసుకోండి. ఆ కాగితం మాత్రం ఈ ఖరీఫ్‌కే పంపండి.