గాల్లో కలిసిన కిలోమీటర్లు

మొన్న ఆఫీసు పని మీద డెమో మెషీన్ ఒకటి కార్లో వేసుకుని బెంగళూరు నుంచి చెన్నై వెళ్ళొచ్చాను. పని అయింది, మెషీన్ పరువు నిలబెట్టింది, అదంతా వదిలేయండి. వచ్చాక కిలోమీటరు లెక్కన క్లెయిమ్ పెడితే, రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లున్న దూరాన్ని సిస్టమ్ 290కి కోసి పడేసింది. పోనూ రానూ 120 కిలోమీటర్లు గాల్లో కలిసిపోయాయి.

చెన్నై అకౌంట్స్‌లో ఉండే అబ్బాయి నెల్లూరు వాడు, మంచోడే. వీడియో కాల్‌లో దొరికాడు. "సిస్టమ్ రెండు ఊళ్ళ అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని మధ్యలో గీత గీసేస్తుందన్నా, దానికి రోడ్డు తెలీదు" అన్నాడు. అంటే విమాన దూరమన్నమాట. నిజానికి ఆ గీత మీద విమానం కూడా పోదు, దేవనహళ్ళిలో లేచి ఒక వంపు తిరుగుతుంది, చెన్నైలో దిగమనేదాకా ఇంకో వంపు తిరుగుతుంది, అసలు మా ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సిల్క్ బోర్డ్, హెబ్బాళ దాటి ఆ దేవనహళ్ళి చేరడానికే 50 కిలోమీటర్ల పైమాట. ఆ గీత మీద తిన్నగా పోగలిగింది ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడు ఒక్కడే.

పోతే పోనీ అనుకునేవాణ్ణే. కానీ అదే క్లెయిమ్‌లో అత్తిబెలె, కృష్ణగిరి, వాణియంబాడి, పళ్ళికొండ, వాలాజా టోల్ డబ్బులన్నీ పాసైపోయాయి! ఆంబూరులో తిన్న బిర్యానీ బిల్లుతో సహా.

"మరైతే నాయనా, నేను గాల్లో పోతూ, టోల్‌గేట్ కనబడినప్పుడల్లా కిందికి దిగి ఫాస్టాగ్ చూపించి మళ్ళీ ఎగిరానా?" అని అడిగాను. అడిగి ఊరుకోవచ్చు కదా, లేచి నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి ఆడిస్తూ చూపించాను. ఆంబూరులో దిగడం కూడా, మోకాళ్ళు వంచి మరీ. బిర్యానీ తిని మళ్ళీ పైకి లేస్తుండగా మా వైపు నెట్ మొరాయించింది. వాళ్ళు నాకు కదులుతూనే కనిపిస్తున్నారు, వాళ్ళకి మాత్రం నేను గాల్లోనే బిగుసుకుపోయాను: నోరు తెరిచి, ఒక కన్ను సగం మూసి, ఐడీ కార్డు ఎగిరి భుజమ్మీద పడి, చొక్కా పైకి లేచి లోపలి బనియన్ అంచు కనబడుతూ, వెనకాల అద్దం అవతల టీ కప్పులు పట్టుకుని నోరెళ్ళబెట్టిన క్యాంటీన్ కుర్రాడితో సహా. సరిగ్గా అప్పుడే వాళ్ళ ఫైనాన్స్ మేడమ్ కాల్‌లోకి వచ్చింది. కాసేపు తేరిపార చూసి, "ఇవరుక్కు ఎన్నాచు?" అంది, అంటే ఈయనకేమైందని.

"బెంగళూరు ట్రావెల్ క్లెయిమ్, మేడమ్" అన్నాడు మావాడు, తొణక్కుండా.

ఆవిడ అర్థమైందన్నట్టు తలూపి వెళ్ళిపోయింది. అంతే, ఇంకో ప్రశ్న లేదు! అంటే నాకు ముందు అక్కడ ఎంతమంది ఎగిరారో.

సాయంత్రానికి ఆ ఫొటో వాట్సాప్ స్టిక్కరైంది. మా టీమ్‌లో ఎవరు సెలవు పెట్టినా కింద నేనే ఎగురుతున్నాను. నెల్లూరబ్బాయి పాపం నా కోసం ప్రత్యేకంగా రిక్వెస్ట్ పెట్టాడట, ఇందాకే సిస్టమ్ నుంచి జవాబొచ్చింది: "మీ దూరం విమాన మార్గంతో సరిపోయింది. బోర్డింగ్ పాస్ జతచేయగలరు."