బరువు తగ్గించుకోవడానికేనా వ్యాయామం?

టీనేజ్ పిల్లల ఆరోగ్యం గురించి ఫోన్లలో విరివిగా తిరుగుతున్న ఒక సందేశం నాలుగు మాటలు చెబుతోంది: ఆరోగ్యానికి బరువే కొలమానం, సన్నగా ఉన్నవారికి వ్యాయామం అక్కర్లేదు, లావుగా ఉన్నవారిని నలుగురిలో అంటేనే సిగ్గుపడి కదులుతారు, బరువు తగ్గకపోతే పడ్డ శ్రమంతా వృథా. నాలుగూ తప్పే. మూడవదైతే పిల్లలకు నేరుగా హాని చేస్తుంది.

మొదటి మాటకొస్తే, ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే బీఎంఐకి మూలమైన సూత్రాన్ని 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే జనసమూహాల సగటు లక్షణాలు తెలుసుకునేందుకు రూపొందించారు; ఒక్కొక్కరి ఆరోగ్యాన్ని తేల్చడం ఆయన ఉద్దేశం కాదు. పెద్దలకు వాడే హద్దులు ఎదిగే వయసుకు సరిపోవు కాబట్టి, పిల్లల బీఎంఐని వయసు ప్రకారం, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా ఉన్న ఎదుగుదల పట్టికలతో పోల్చి చూస్తారు. యుక్తవయసులో ఆడపిల్లల ఒంట్లో కొవ్వు కొంత పెరగడం సహజమైన ఎదుగుదలే. దాన్ని జబ్బుగా చూపించి వారిని భయపెట్టడం అన్యాయం.

సన్నగా ఉన్నవారి విషయం లెక్కలతోనే తేలిపోతుంది. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి అంచనాల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 11-17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి అంత కదలిక లేదు. 2022లో 5-19 ఏళ్ల వారిలో అధిక బరువు ఉన్నవారు దాదాపు 20 శాతం. అంటే కదలిక చాలని పిల్లల్లో అత్యధికులు లావుగా లేనివారే.

ఇక సిగ్గుపరచడం గురించి. సిగ్గుపడ్డ పిల్లలు కదలడానికి బదులు తిండి తగ్గించుకోవడానికి దిగవచ్చు. అమెరికాలోని మిన్నెసోటాలో 1990ల చివర మొదలైన ఒక దీర్ఘకాలిక పరిశోధన టీనేజ్ పిల్లలను ఐదేళ్ల తర్వాత మళ్లీ పరిశీలించినప్పుడు, బరువు తగ్గాలని తిండి తగ్గించుకున్నవారే మిగిలినవారి కంటే ఎక్కువగా అధిక బరువుకు చేరినట్లు, అదుపు లేకుండా తినే అలవాటు వారిలోనే ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఎగతాళికి గురైన పిల్లలు మైదానానికి వెళ్లి పరుగెత్తరు, మైదానాన్నే తప్పించుకుంటారు. ఒళ్లు కనబడకుండా వదులు బట్టలు వేసుకుంటారు, ఆటల పీరియడ్ రోజున కడుపునొప్పి అంటారు. పెద్దలు దాన్ని బద్ధకం అనుకుని మరో మాట అంటారు. అలా అన్న ప్రతి మాటా ఆ పిల్లలను ఆటకు ఇంకాస్త దూరం చేస్తుంది. పెద్దలు తమ పిల్లలపై ప్రేమతోనే అంటారని నాకు తెలుసు, కానీ వినే పిల్లల చెవికి చేరేది తన శరీరం తప్పు చేసిందన్న తీర్పు ఒక్కటే.

చివరి మాటకు ఎముకలే జవాబు. ఎత్తు వేగంగా పెరిగే దశకు అటూ ఇటూ ఉన్న రెండేళ్లలోనే పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో సుమారు పావు వంతు చేరుతుంది. గెంతడం, పరుగెత్తడం, బరువులెత్తడం వంటివి ఆ ఎముకను గట్టిపరుస్తాయి. నిద్ర, మనసు కుదుటపడటం, రక్తపోటు అదుపులో ఉండటం వంటి ప్రయోజనాలు బరువు మారకపోయినా అందుతాయి. కండ పెరిగితే తూకంలో అంకె పెరగవచ్చు కూడా.

అంకె కోసమే వ్యాయామం చేసే పిల్లల్లో గమనించవలసినవి వేరే ఉన్నాయి: దెబ్బ తగిలినా ఆపలేకపోవడం, భోజనాలు మానేయడం, ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవడం. ఇవి కనబడితే పట్టుదల అని మెచ్చుకోకుండా వెంటనే వైద్యులకు చూపించాలి.