రెప్పలేని రోగి

పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని హాల్లోకొచ్చిన ఇంటాయన అక్వేరియం ముందు ఆగిపోయాడు.

"ఏమేవ్, నల్లదాని కన్ను చూశావా? గుడ్డు ఊడి చేతికొచ్చేలా ఉంది!"

రెండంగుళాల నల్ల గోల్డ్‌ఫిష్. ఎడమ కన్ను బొడిపెలా పొడుచుకొచ్చింది, కుడి కన్ను మామూలే. చేప మాత్రం అద్దానికి మూతి ఆనించి, మేత పెట్టరేం అన్నట్టు తోకాడిస్తోంది. ఆ తోకని ఎవరైనా పట్టించుకుని ఉంటే వైద్యం అక్కడే ఆగిపోయేది.

"కంటికి రెప్పలా చూసుకోండని కొట్టతను చెప్పాడు కదండీ."

"దానికి రెప్పలెక్కడున్నాయే?"

ఆ ఒక్క మాటా నిజం. గోల్డ్‌ఫిష్ నిద్రలో కూడా కళ్లు తెరుచుకునే ఉంటుంది.

మొదటి వైద్యం బామ్మగారిది. కిందటేడు కండ్లకలక వచ్చినప్పుడు మిగిలిన చుక్కల మందు ఫ్రిజ్ తలుపులో ఉంది. మూత తీసిన నెలకే పారేయాల్సిన సీసా అది. ఇంటాయన నీళ్లలోకి వంగి, గురిచూసి ఒక చుక్క వదిలాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో సుమారు 56 లీటర్లు పడతాయి. ఆ చుక్క అందులో పది లక్షల్లో ఒక వంతు. చెరువులో ఇంగువ వేసి చారు కాచినట్టు.

రెండో వైద్యం కొట్టతనిది. కన్ను ఉబ్బినా, తోక చిరిగినా, చేప అలిగినా అతనిచ్చేది ఒకటే సీసా, నీలం మందు. మిథిలీన్ బ్లూ అనే ఆ మందు బూజు లాంటి వాటికి పనికొస్తుంది కానీ లోపల్నుంచి ఉబ్బిన కంటికి కాదు. పైగా ఫిల్టరు స్పాంజిలో కాపురముండి, చేప వదిలే విషమైన అమ్మోనియాని తినే మంచి బ్యాక్టీరియాని అది తుడిచిపెట్టేస్తుంది. సాయంత్రానికి నీళ్లు నీలం, అద్దాల అతుకులు నీలం, ఇంటాయన పది వేళ్లూ నీలం. "నీలమేఘశ్యాముడే!" అని బామ్మగారు దండం పెట్టారు.

మూడో వైద్యం ఫోనులో వీడియో చూసి నేర్చినది. ఎప్సం ఉప్పు, అంటే మెగ్నీషియం సల్ఫేట్. ఇది సరైన మందే, కంటి వెనక చేరిన నీటిని లాగి వాపు తగ్గిస్తుంది. వంటింటి ఉప్పుకి ఆ పని చేతకాదు. మోతాదు 20 లీటర్లకి ఒక టీస్పూను, అంటే దాదాపు 5 గ్రాములు. ముందు గ్లాసు నీళ్లలో కరిగించి కొంచెం కొంచెంగా పొయ్యాలి. చేపని పెద్ద తొట్టెలో ఉంచకుండా, మంచినీళ్ల క్యానుతో సరిగ్గా 20 లీటర్లు కొలిచిన టబ్బులో పెట్టి, గాలి బుడగలు వదిలే రాయి వేసి, గెంతకుండా పైన జాలీ కప్పాలి. క్యాను కొలతకే, అందులోని ఆర్వో నీళ్లు చేపకి కాదు. వాటిలో లవణాలు బాగా తక్కువ. క్లోరిన్ తీసిన నల్లా నీళ్లే నయం.

ఇంటాయన అన్నీ పాటించాడు, స్పూను తప్ప. వీడియోలో టీస్పూను, ఆయన చేతిలో పప్పు గరిటె. పైగా రోజూ ఆవిరైన నీళ్లు నింపుతూ, "మందు కూడా ఆవిరైపోయుంటుంది" అని మళ్లీ అర గరిటె. ఉప్పు ఆవిరి కాదు మహానుభావా! తోడిపోసిన నీళ్లకి ఎంత పోయిందో అంతే మళ్లీ కలపాలి, ఆవిరికి ఉత్త నీళ్లు చాలు.

ఇంత హడావుడిలో ఎవరూ చేయనిది నీళ్ల పరీక్ష. "తళతళలాడుతున్నాయిగా" అన్నారు. అమ్మోనియాకి రంగుండదు. అమ్మోనియా సున్నా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ కూడా సున్నా ఉండాలి. ఒక కన్నే ఉబ్బితే సాధారణంగా దెబ్బ తగిలుంటుంది, ప్లాస్టిక్ కోట బురుజుకి గీసుకోవడం లాంటిది. రెండూ ఒకేసారి ఉబ్బితే నీళ్లనీ, లోపలి ఇన్ఫెక్షన్‌నీ అనుమానించాలి. మామూలుగా వాపొచ్చిన చేప మేత మానేసి మూల చేరుతుంది, కన్ను మసకేస్తుంది. ఈ రోగి మాత్రం గరిటెడు ఉప్పులోనూ పూటకి ఆరు గుళికలు మింగుతోంది.

పదో రోజుకి కుడి కన్ను కూడా మెల్లగా పొడుచుకొచ్చింది. ఇంట్లో ఏడుపులు. చేపల సంగతి తెలిసిన మేనల్లుడికి ఫొటో వెళ్లింది.

"మావయ్యా, అది బ్లాక్ మూర్ అనే రకం గోల్డ్‌ఫిష్. దాని కళ్లు అలాగే ఉంటాయి. పిల్లప్పుడు మామూలుగా ఉండి, కొన్ని నెలలకి బయటికొస్తాయి. ఒక్కోసారి ఒకటి ముందు, ఒకటి వెనక."

"మరి ఎడమ కంటి మీద ఆ తెల్ల పొర?"

"నిన్న జాలీ వలతో పట్టావా?"

"రెండు సార్లు."

"అదీ సంగతి. ఆ పొడుచుకొచ్చిన కన్ను వలకి గీసుకుపోయింది. గిన్నెతో నీళ్లతో సహా ముంచి ఎత్తాలి. ఇప్పుడు దానికి నిజంగా జబ్బు చేసింది."

ఇక మందులన్నీ అటకెక్కాయి. కోట తీసేశారు. రోజూ పావు వంతు నీళ్లు మార్చారు, అదే వేడి ఉన్న నీళ్లతో. వారానికి పొర పల్చబడి పోయింది. బామ్మగారి స్నానాల టబ్బు ఆవిడకి తిరిగి దక్కింది.

ఎనిమిదో రోజు మేనల్లుడికి మళ్లీ ఫోను.

"ఒరే, ఆ పక్కనున్న ఎర్ర చేపకి ఇంకా కళ్లు రాలేదేమిట్రా? ఏదైనా మందుందా?"