మిద్దె మీద అల్లం ఎత్తిపోతల పథకం

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అల్లానికి కావాల్సింది 1500. మిగతా 950 ఎక్కడి నుంచి తేవాలన్నది సాగునీటి నిపుణులు తేల్చాల్సిన విషయం. ఆ నిపుణుణ్ణి నేనే. రిటైరై ఏడాదైంది, చేతిలో వేరే ఫైలు లేదు.

చెరువు తవ్వి, దానికి బుక్కరాయసముద్రం అని పేరు పెట్టుకున్న ప్రాంతం మాది. నీళ్లు తక్కువని ఆశలు తగ్గించుకునే అలవాటు మాకు లేదు. హంద్రీ-నీవా కోసం శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను అంచెలంచెలుగా ఎత్తి తెస్తున్నప్పుడు, కింది కొళాయి నుంచి మిద్దె మీదికి 36 మెట్లు నేను ఎత్తలేనా? బకెట్టు సామర్థ్యం 15 లీటర్లు. పంపుహౌస్ నా మోకాళ్లు.

విత్తనం కోసం పాత ఊరికి పోయాను. కళ్లజోడు సర్దుకుని ఒక్కో కొమ్మునూ తిప్పి తిప్పి చూస్తుంటే అమ్మే ఆమె ఊరుకోలేదు. "ఏం సామీ, అల్లం కొనేదానికి వచ్చినావా, పెండ్లికూతుర్ని చూసేదానికా?" అంది. కన్ను ఉన్న ముక్క పాతితేనే మొలకొస్తుందని వివరించాను. "దానికి కండ్లుండాయిలే, నీకుండాయా? జరుగు, బేరాలు పోతాయి."

ఆ కొమ్ముల్ని రాత్రంతా నీళ్లలో నానేసి, ఒక్కో కన్నుతో ముక్కలు కోసి, కోసిన చోట ఆరాలని రెండు రోజులు నీడన పెట్టాను. మా ఆవిడ వాటిలో మూడు తీసి చట్నీలో వేసింది. నిధుల మళ్లింపు అంటారు దీన్ని. సర్వీసులో చూడనిదేం కాదు.

మే నెలలో ఐదు గ్రో బ్యాగుల్లో ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపి నింపి, కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున నాటి, శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టాను. మొలక రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుందని తెలుసు. తెలిసినా రోజూ పొద్దున్నే మట్టి తోడి చూశాను. క్షేత్రస్థాయి సమీక్ష జరగకపోతే పని ముందుకు కదలదు కదా. సమీక్షల్లో రెండు మొలకలు విరిగాయి.

అల్లం నీడపట్టున పెరిగే మొక్క. మా ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పందిరికి పాత నూలు చీర ఒకటి బీరువాలోంచి నేనే తీసి కట్టాను. అది ధర్మవరం పట్టని తర్వాత తెలిసింది. విచారణ ఇంకా సాగుతోంది.

సెప్టెంబరులో వానలు మొదలయ్యాయి. మాకు పడే నాలుగు చినుకులూ ఎక్కువగా అప్పుడే పడతాయి. పైన వాన పడుతున్నా నేను షెడ్యూలు ప్రకారం నీళ్లు వదులుతూనే ఉన్నాను. ఈ ఏడాది కేటాయింపు వాడకపోతే వచ్చే ఏడాది కోత పెడతారన్న భయం, ఉద్యోగంలో పట్టుకున్నది, ఇంకా వదల్లేదు. సంచుల అడుగున చిల్లులు ఎప్పుడు పూడిపోయాయో చూసుకోలేదు. ఆకులు పసుపెక్కాయి. కాండం పట్టుకుని మెల్లగా లాగితే మెత్తగా ఊడి చేతికొచ్చింది, వాసనతో సహా. దుంపకుళ్లు. ఐదింట్లో మూడు సంచులు పోయాయి.

అనంతపురంలో పంట మునిగి చచ్చింది! మా బామ్మర్దికి ఫోన్ చేశాను. వాడిది వేరుశనగ. ఆగస్టంతా మబ్బులకేసి చూసి చూసి, ఊడలు దిగే వేళకు చేను ఎండిపోయి, నెలరోజులుగా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడనివాడు. "వరద నష్టపరిహారానికి అర్జీ పెట్టుకో బావా" అని ఫోన్లో పడీ పడీ నవ్వాడు. నా పథకం వల్ల జిల్లా రైతాంగానికి ఒరిగిన మేలు రికార్డుల్లో ఇదొక్కటే.

ఇక చివరి ఆయకట్టు. ఏ కాలవైనా చివరి భూములకు నీళ్లందవని రైతులు ధర్నాలు చేస్తుంటారు. నా పథకంలో ఆ లోపం లేదు. స్లాబులోంచి దిగి పై పోర్షన్‌లో బాడుగకున్నవాళ్ల మంచం దాకా అందాయి.

జనవరిలో ఆకులు పూర్తిగా ఎండాక మిగిలిన రెండు సంచులూ బోర్లించాను. 410 గ్రాములు. ఖర్చు, కొబ్బరికాయతో కలిపి, 1,260 రూపాయలు. పట్టుచీర ఇందులో లేదు. కిలో ఎంత పడిందని లెక్క వేసేవాళ్లను అభివృద్ధి నిరోధకులంటారు, గమనించగలరు.

అందులో 200 గ్రాములు రెండో దశకు విత్తనంగా ఇసుకలో దాచాను. మిగతాది పై పోర్షన్ అమ్మాయికి పరిహారంగా ఇచ్చాను. "అంకుల్, వాసన బాగుంది" అని అల్లం తీసుకుంది. తర్వాత పెచ్చులూడిన స్లాబు చూపించి, ఈ నెల బాడుగలో రెండు వేలు పట్టుకుంది. సవరించిన అంచనాల్లో దాన్నీ చేర్చాను.